ఏడో నంబరు స్లీవు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. పదిహేనేళ్లు నేవీలో, ఓడ అడుగున ఇంజను గదిలో పనిచేసినవాణ్ణి. అక్కడ ఏ చప్పుడు వినిపించినా దానికో కారణం ఉంటుంది, ఆ కారణం రాసిపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. మా ప్రత్తిపాడులో ఎవరికైనా గాలి సోకిందని చెబితే, ముందు మలేరియా పరీక్ష చేయించుకు రమ్మని తిట్టి పంపేవాణ్ణి.

కాబట్టి ఇది చదివి నాకు తాయెత్తులు పంపొద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నాకు మంచి పేరు తెచ్చేది ఒక్కటీ లేదు.

నేను పనిచేసింది డిస్ట్రాయర్ల మీద. ఒకే నమూనాలో కట్టిన అయిదారు యుద్ధనౌకలు, అక్కచెల్లెళ్లలాగా ఉండేవి. వాటిని కట్టింది ఒక చలిదేశం. నేను చేరిన కొన్నేళ్లకు ఆ దేశమే ముక్కలైపోయింది. ఓడలు మాకు మిగిలాయి, వాటికి విడిభాగాలు పంపేవాళ్లు మాత్రం మిగల్లేదు. ఒక పంపు భాగం కోసం ఉత్తరం రాస్తే ఏడాదికి జవాబు వచ్చేది. అదీ, ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు వేరే దేశంలో ఉంది, అక్కడ అడగండి అని.

దాంతో మరమ్మతుకు ఆగిన ఓడలోంచి ఒక భాగం పీకి, బయల్దేరే ఓడకు బిగించేవాళ్లం. ప్రతి పంపుకూ ఒక హిస్టరీ కార్డు ఉంటుంది. ఏ రోజు ఏ భాగం బిగించారు, అది ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు విప్పారు, అన్నీ అందులో రాయాలి. చివరి అయిదేళ్లు మా ఓడలో ఆ కార్డులు రాసింది నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకు అప్పగించారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక భాగం ఓ ఓడ నుంచి ఇంకో ఓడకు మారినప్పుడు, అది అప్పటికే ఎన్ని గంటలు తిరిగిందో పాత కార్డు తెప్పించి చూసి రాయాలి. ఆ పాత కార్డు ఆ ఓడలోనే ఉంటుంది, ఆ ఓడేమో ఇంకో రేవులో ఉంటుంది. ఎవడు తెప్పిస్తాడు? నేను గంటల గడిలో సున్నా వేసేసేవాణ్ణి. ఎవరూ అలా రాయమనలేదు. నియమాలూ అలా లేవు. అది అచ్చంగా నా బద్ధకం. సంతలో ఎద్దు పళ్లు ఆకురాయితో అరగదీసి వయసు తగ్గించి అంటగట్టే బేరగాళ్లను మా నాన్న బతికినంతకాలం తిట్టాడు. ఆయన కొడుకు అదే పని యూనిఫాం వేసుకుని చేశాడు.

తొంభైల చివర పింఛనుతో ఇంటికి వచ్చాను. ఉన్న రెండెకరాల్లో మిరప వేస్తే మొదటి ఏడే బొబ్బర తెగులు వచ్చి ఆకులన్నీ ముడుచుకుపోయాయి. ఓడ నడిపినవాడికి మిరప మొక్క లొంగలేదని ఊళ్లో నవ్వుకున్నారు. గుంటూరులో ఒక లేత్ వర్క్‌షాపులో సరుకు పరీక్షించి సంతకం పెట్టే మనిషి కావాలంటే వెళ్లి చేరాను. పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల ఇరుసులు, కారం పట్టే మిల్లుల భాగాలు చేసే షాపు అది. యజమాని సాంబశివరావు గారు మంచివాడే, కాకపోతే కాగితం అంటే ఆయనకు మహా భక్తి. అందరూ నన్ను 'నేవీ గారు' అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వింటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఆ షాపులో లేత్ మీద ఇనుము కోసే పెద్ద టర్నరు ఏసోబు. మా ప్రత్తిపాడులోనే, ఊరి బయటి పల్లె నుంచి రోజూ నేనెక్కే బస్సులోనే వచ్చేవాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. అయినా నేను 'నువ్వు' అనేవాణ్ణి, ఆయన 'అండి' అనేవాడు. ఎందుకో మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు.

మిల్లుల వాళ్లు అరిగిపోయిన ఇరుసు పట్టుకొచ్చి ఇలాంటిదే ఇంకోటి కావాలంటే, అరిగినట్టే చేసి ఇచ్చేవాడు కాదు ఏసోబు. బొటనవేలితో రెండుసార్లు నిమిరి, కొత్తలో అది ఎంతుండేదో చెప్పేవాడు. ఆ కొలతకు చేసేవాడు. పని పూర్తయ్యాక ఇరుసు చివరి ముఖం మీద, ఎవరికీ కనపడని చోట, పంచ్ అనే ఉక్కు మొన పెట్టి సుత్తితో మూడు చుక్కలు కొట్టేవాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనేవాడు నవ్వుతూ. ఆ గుర్తు వాళ్ల నాన్నది. పక్క వీధిలో ఇంకో షాపులో పనిచేసే ఆయన తమ్ముడు కూడా అదే గుర్తు కొట్టేవాడు. నేను చేరాక ఒక వేసవిలో ఏసోబు పంచ్ మొన ఒక పక్క విరిగింది. నాన్న పంచ్ అని మార్చలేదు. అప్పటి నుంచి ఆయన చుక్కలు గుండ్రంగా కాక అర్ధచంద్రాల్లా పడేవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండు వేల రెండులోనో మూడులోనో విశాఖపట్నం నుంచి ఒక మధ్యవర్తి ఆర్డరు తెచ్చాడు. నేను పనిచేసిన రకం డిస్ట్రాయర్లకే, మంటలార్పడానికి సముద్రపు నీరు తోడే పంపుకు స్లీవులు పన్నెండు కావాలి. స్లీవు అంటే పంపు ఇరుసు మీద వేసే తొడుగు. నీరు కారకుండా దాని చుట్టూ తాడు బిగిస్తారు. ఆ తాడు రాపిడికి ఇరుసు బదులు తొడుగు అరుగుతుంది. అరిగితే తొడుగు మారిస్తే సరిపోతుంది. డ్రాయింగు ఎక్కడా దొరకలేదని, సీలు వేసిన గోనెసంచిలో ఒక శాంపిలు పంపారు. దాంతో పాటు హిస్టరీ కార్డు నకలు.

కార్డు చూసి నాకు ఒళ్లు పులకరించింది. అవి నా అక్షరాలు. అందరినీ పిలిచి చూపించాను. బిగించేనాటికి తిరిగిన గంటలు అన్న గడిలో గుండ్రంగా సున్నా ఉంది. ఆ తర్వాత ఆ పంపు నడిచింది కూడా తక్కువే.

సంచి సీలు యజమాని ముందు నేనే తెంపాను. ఏసోబు అప్పుడు అవతల లేత్ దగ్గర ఉన్నాడు. శాంపిలు బయటికి తీశాక నా అలవాటు ప్రకారం దాని చివరి ముఖం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాను. చిన్నప్పుడు రూపాయి బిళ్ల అచ్చు తీసినట్టే. ఏ సరుకు వచ్చినా ఇలా తీసి నోటుపుస్తకంలో అంటించేవాణ్ణి. అచ్చులో గుండ్రటి అంచు పడింది. అంచున కొడవలి ఆకారంలో ఒక ఉలి దెబ్బ, ఓడలో పీకేటప్పుడు తగిలి ఉంటుంది. దాని పక్కన ఏడు అంకె. అంకె కింద మూడు అర్ధచంద్రాలు.

ఏసోబును పిలిచి గట్టిగా అడిగాను. శాంపిలు మీద పంచ్ కొట్టడమేమిటి, ఇది ప్రభుత్వం సరుకు అన్నాను. నేనే సీలు తెంపానన్న సంగతి ఆ కోపంలో నాకు తట్టనే లేదు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. వేలితో ఒక్కో చుక్కా తడిమాడు.

“నేను కొట్టలేదండి. కానీ దెబ్బ నాదే.”

మాటలు నేర్చావే అన్నాను. మూడు చుక్కలు ఎవరైనా కొట్టుకోవచ్చు, చలిదేశంలోనూ టర్నర్లు ఉంటారు అని చెప్పి యజమాని నవ్వేశాడు. నేనూ అదే నమ్మాను. నమ్మడం తేలిక కదా.

అసలు గొడవ తర్వాత వచ్చింది. ఏసోబు శాంపిలును బొటనవేలితో నిమిరి, ఇది కొత్తది కాదన్నాడు. “ఇది ఒకసారి అరిగితే గీతలు పోవడానికి లేత్ మీద పైపైన కోసిన సరుకండి. అసలు సైజు దీనికంటే అర మిల్లీ ఎక్కువుండాలి. ఇలాగే చేస్తే తాడు పట్టదు, నీళ్లు కారతాయి.”

“కార్డులో సున్నా గంటలని ఉంది. కనపడట్లా?”

“ఉందండి. రాసిన రోజు మీరు దీన్ని కొలిచారా అండి?”

ఎగతాళిగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. షాపులో లేత్‌లన్నీ ఆగిపోయి అందరూ నా వైపు చూస్తున్నారు. ఓడలో ఉండగా గీతలు పడ్డ స్లీవుల్ని మా చిన్న లేత్ మీద పైపైన కోసి, కొత్తవాటిలా మెరిపించి, బిగించి, సున్నా వేసిన రోజులు నాకు గుర్తొచ్చాయి. ఇది వాటిలో ఒకటో కాదో తెలియదు. కొలిచిన గుర్తు మాత్రం లేదు.

కొలిచాను అన్నాను.

యజమాని ఏసోబుతో, “నేవీ గారు అంతలా చెప్తుంటే ఇంకా ఏందయ్యా నీ గోల, శాంపిలు ప్రకారం చెయ్యి” అన్నాడు. ఆయన చేశాడు. నేను నేవీ అలవాటు కొద్దీ నోటుపుస్తకంలో ఆ అచ్చు కిందే రాసుకున్నాను: అర మిల్లీ ఎక్కువ ఉండాలని ఏసోబు అభ్యంతరం, శాంపిలు ప్రకారమే చేయమని చెప్పాను. కింద కొలతలు కూడా రాశాను. అబద్ధం ఆడినవాణ్ణి రాత దగ్గర మాత్రం నిజాయితీగా ఉన్నాను. అదేం బుద్ధో నాకే తెలియదు.

పన్నెండు స్లీవులకూ ఒకటి నుంచి పన్నెండు వరకు నంబర్లు కొట్టాం. మూడు చుక్కలు ఏసోబు కొట్టాడు. లెక్కపెట్టి పెట్టెలో సర్దింది, మేకులు కొట్టించింది నేనే. శాంపిలును నూనె కాగితంలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను.

పది నెలలకు పెట్టె తిరిగొచ్చింది. అందులో ఒక్కటే స్లీవు, ఒక ఉత్తరం. స్లీవు సైజు తక్కువ, తాడు పట్టలేదు, నీరు బేరింగులోకి వెళ్లి పంపు తిరగకుండా బిగుసుకుపోయింది, మిగతా పదకొండూ వాడటం లేదు అని రాశారు. రేవులో పరీక్షించేటప్పుడు జరిగింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నడిసముద్రంలో మంటలు లేచినప్పుడు ఆ పంపు ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ గదిలో పదిహేనేళ్లు ఉన్నవాణ్ణి.

తిరిగొచ్చింది ఏడో నంబరు. పీకేటప్పుడు తగిలిన ఉలి దెబ్బ అంచున ఉంది, కొడవలి ఆకారంలో. చేయి జేబులోని నోటుపుస్తకం మీదికి పోయింది.

యజమాని వెంటనే శాంపిలు తీయమన్నాడు. శాంపిలు ప్రకారమే చేశామని చూపిస్తే షాపు తప్పేమీ ఉండదు, సైజు కథ ఏమిటో వాళ్లే తేల్చుకుంటారు. అది సరైన ఆలోచనే. బీరువా తాళం నేనే తీశాను. నూనె కాగితం నేను చుట్టిన చుట్టలాగే, కట్టిన దారం ముడి విప్పకుండానే ఉంది. లోపల స్లీవు లేదు. కాగితం మీద గుండ్రటి నూనె మరక మాత్రం ఉంది.

షాపంతా వెతికాం. యజమాని ఏసోబునూ నన్నూ పక్కపక్కన నిలబెట్టి అడిగాడు. “సైజు ఎవరు చెప్పారు?”

నోటుపుస్తకం నా చొక్కా జేబులోనే ఉంది. ఆ పేజీ తీస్తే చాలు, శాంపిలు లేకపోయినా కొలతలు అందులో ఉన్నాయి. కానీ ఏసోబు అభ్యంతరం కూడా అందులోనే ఉంది. దాని కింద నా మాట ఉంది. ఉద్యోగం పోతుందని నేను భయపడలేదు, పింఛను ఉంది. 'నేవీ గారు' పోతాడని భయపడ్డాను.

“శాంపిలు ఎంతుందో అంతే చేయమన్నాను” అన్నాను. అది నిజమే. శాంపిలు లేనిచోట ఆ నిజానికి ఒక్కటే అర్థం, సైజు తగ్గించి కోసింది టర్నరు అని.

 ఏసోబు నా మొహం కేసి కాక జేబు కేసి చూస్తూ నిలబడ్డాడు. రేపటి నుంచి రావద్దని యజమాని చెప్పాక, సామానులో తన పంచ్ ఒక్కటి తీసుకుని వెళ్లిపోయాడు. వారంలో ఆ వీధులన్నిటికీ తెలిసింది, ఏసోబు ఓడ పంపు పాడుచేశాడని. పాతికేళ్ల పేరు పోవడానికి వారం చాలింది. ఆయన్ని ఇంకెవరూ లేత్ ముందు నిలబెట్టలేదు. ప్రత్తిపాడు బస్సులో కనిపించడం కూడా మానేశాడు.

ఆ స్లీవును యజమాని తుక్కులో పారేస్తే నేను ఏరుకుని ఇంటికి తెచ్చాను. కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దం పెట్టి, మొదటిరోజు తీసిన అచ్చుతో పోల్చాను. ఉలి దెబ్బ సరిపోయింది. మూడు అర్ధచంద్రాల మధ్య దూరం సరిపోయింది. మా షాపు నంబర్ల పంచ్‌లో ఏడు అంకె తల కొంచెం వంకర. అచ్చులోని ఏడుకూ అదే వంకర ఉంది. మొదటిరోజు అది చలిదేశపు అంకె అనుకున్నాను.

తెలివైనవాళ్లు చెప్పే కారణాలన్నీ నేనూ చెప్పుకుని చూశాను. శాంపిలునే పొరపాటున పెట్టెలో సర్ది పంపి ఉంటాం అనుకుందాం. అలాగైతే మేం చేసిన ఏడోది షాపులో మిగలాలి, మిగల్లేదు. పైగా సీలు వేసి వచ్చిన శాంపిలు మీద మా షాపు అంకె ముందే ఎలా ఉంది? ఎవరో నా అచ్చు మార్చారనుకుందాం. పుస్తకం నా జేబు దాటి పోలేదు, దాని కింద నా రాత మొదటిరోజుది. ఎటు తిప్పినా ఒక్క దగ్గరికే వస్తుంది. మేం చేయబోయే స్లీవు, చెడిపోయి, మా దగ్గరికి ముందే శాంపిలుగా వచ్చింది. దాన్ని చూసి దాన్నే చేశాం. ఇలాంటి మాట ఇంకొకరు చెబితే నేనే మలేరియా పరీక్షకు పంపేవాణ్ణి.

ఇంకా అయిదేళ్లు నోరు మూసుకునే బతికాను. ఆలోగా షాపు మూతపడింది. ఒకరోజు మధ్యాహ్నం ఆ పుస్తకమూ స్లీవూ సంచిలో వేసుకుని ఏసోబు కోసం వెళ్లాను. మిరపకాయ బస్తాలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఘాటుకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. లేచి తన కుర్చీ నాకు వేశాడు.

“ఏసోబు గారూ” అన్నాను. ఆ 'గారు' నా నోట మొదటిసారి. ఆయన దాన్ని పట్టించుకోలేదు, మర్యాద ఆలస్యంగా వస్తే ఎవరు మాత్రం పట్టించుకుంటారు?

పేజీ తీసి ఇచ్చాను. వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

“ఇది మీ పుస్తకంలో ఉందని నాకు తెలుసండి. ఆ రోజు మీరు రాస్తుంటే చూశాను. తీస్తారేమోనని నిలబడ్డాను.”

 తప్పయిపోయింది అన్నాను. ఆయన అవునన్నాడు, అంతే. స్లీవు ఆయన చేతికిచ్చి, ఇది ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా, మీకేమైనా తెలుసా అని అడిగాను. బొటనవేలితో చుక్కలు నిమిరాడు.

“నాకేం తెలుసండి. రెండుసార్లు నా చేతికొచ్చింది. మొదటిసారి దానికేమైందో చూసి చెప్పాను. మీరు వినలేదు.”

తర్వాత ఆయన ఒక్కటే కోరాడు. ఆ పేజీ కావాలన్నాడు. పేరు పోయిన ఆ వారమే తమ్ముడు మూడు చుక్కలు కొట్టడం మానేశాడట, ఆ గుర్తుంటే పని ఇవ్వడం లేదని. అన్న నిజంగానే సైజు తగ్గించి కోశాడని వాడూ నమ్మాడట. కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. తేదీ కూడా వేయమన్నాడు.

“ఆ రోజుదా?” అన్నాను.

“ఇవాళ్టిదే వేయండి. ఎన్నేళ్లు పట్టిందో వాడికి తెలియాలిగా.”

వేశాను. స్లీవు ఉంచుకోమంటే వద్దన్నాడు.

అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఎలా వచ్చిందో నాకు తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. ఈ మధ్య దానికి ఒక హిస్టరీ కార్డు రాద్దామని కూర్చున్నాను. చేసినవారి పేరు దగ్గర ఏసోబు అని రాశాను. కొలత చెప్పినవారి దగ్గర నా పేరు రాశాను. బిగించిన రోజు ముందా, విప్పిన రోజు ముందా తేలక ఆ గడులు అలాగే వదిలేశాను. తిరిగిన గంటల గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఖాళీగా ఉంచాను, సున్నా మాత్రం వేయలేదు.